జూన్, జూలై గళ్ళు

మొన్న ఎండాకాలం సెలవులకు మా పెద్దది ఇంటికొచ్చింది. అనంతపురంలో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం అయిపోయింది. వచ్చి రెండు రోజులు నిద్రపోయింది, మూడో రోజు పొద్దున నేను వంకాయలు తరుగుతుంటే వచ్చి పక్కన కూర్చుని, "మా, నీ కంప్యూటర్లో దాచుకున్న లింకులన్నీ నాకిస్తావా?" అంది. కాలేజీలో ఏదో ప్రాజెక్టంట. సంవత్సరాల తరబడి పోగైన సమాచారం ఏదైనా తీసుకుని, అది కాలంతో పాటు ఎట్లా మారిందో బొమ్మ గీసి చూపించాలంట. అందరూ క్రికెట్ స్కోర్లు, బంగారం ధరలు తీసుకుంటున్నారని, తనకేమో అమ్మ లింకులు గుర్తొచ్చాయని చెప్పింది.

"వాటిలో ఏముంది, అన్నీ వంటలే కదా" అన్నాను. నిజంగానే అట్లా అనుకున్నాను.

ఈ లింకుల కథ కొంచెం చెప్పాలి. 2009లో బెంగళూరులో పనిచేసే మా తమ్ముడు ఒక పాత కంప్యూటర్ తెచ్చి మా తనకల్లు ఇంట్లో పెట్టి పోయాడు. పోయే ముందు రెండే నేర్పించాడు. ఒకటి లేఖినిలో తెలుగు టైపు చేయడం. రెండోది, ఫైర్‌ఫాక్స్‌లో నచ్చిన పేజీ మీద నక్షత్రం గుర్తు నొక్కి, కింద ఒక పేరు రాసుకోవడం. దాన్ని ట్యాగు అంటారు. నేను మాత్రం చీటీ అంటాను. ఎందుకంటే మా ఇంట్లో చీటీలు కట్టడం కొత్త కాదు. మా ఆయనకు బోరు మోటార్ల రీవైండింగ్ షాపుంది. కాలిపోయిన మోటారు షాపుకు రాగానే ఒక అట్టముక్క మీద రైతు పేరు, ఊరు, ఎన్ని హెచ్‌పీ అని రాసి రాగి తీగ ముక్కతో కట్టేస్తాడు. అది లేకపోతే ఇరవై మోటార్లలో ఏది ఎవరిదో బ్రహ్మకు కూడా తెలీదు.

నేను కదిరిలో బీఏ తెలుగు చదివేటప్పుడు కాలేజీ గ్రంథాలయంలో తెలుగు సాహిత్యం పుస్తకాల వీపు మీద 894.827 అని అంకె ఉండేది. ఎవరో అమెరికా ఆయన, డ్యూయీ, 1876లో మొదలుపెట్టిన లెక్క అది. అందులో మన తెలుగుకు ఎక్కడో మూలన ఆ చోటు దొరికింది. ఏ పుస్తకం ఎక్కడ కూర్చోవాలో వాళ్ళు ముందే తేల్చిపెట్టారు. ట్యాగు అట్లా కాదు, నా ఇష్టం. ఒక పేజీకి నాలుగు చీటీలు కట్టుకోవచ్చు. చిక్కుడుకాయ కూర చేసే పద్ధతికి 'వంటలు' అనీ, 'అత్త' అనీ, 'షుగర్' అనీ మూడు కట్టిన రోజులున్నాయి.

సరే, పిల్ల ఫైలు తీసింది. మధ్యలో రెండు కంప్యూటర్లు మారినా మా తమ్ముడు ప్రతిసారీ ఆ ఫైలు భద్రంగా కొత్తదానికి మార్చాడు కాబట్టి 2009 నుంచి అన్నీ ఉన్నాయి. మొత్తం 2,314 లింకులు, 187 రకాల చీటీలు. నాకే భయమేసింది. ప్రతి లింకు పక్కన ఒక పొడుగాటి అంకె. అదేందని అడిగితే, దాచిన తేదీ అంట. కంప్యూటర్ తేదీని మనలాగా రాసుకోదు, 1970 జనవరి 1 నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో లెక్కపెడుతుంది. 150 కోట్ల సెకన్లు నిండింది 2017 జూలై 14న, మన టైములో పొద్దున ఎనిమిది దాటాక. ఆ పొద్దున నేనేం చేస్తున్నానో! స్కూలు రోజే కాబట్టి బహుశా పిల్లోడి టిఫిన్ డబ్బా వెతుకుతూ ఉంటాను.

మొదట గీసిన బొమ్మ చూసి ఇద్దరం నవ్వుకున్నాం. ఒక్కో సంవత్సరానికి ఒక్కో చీటీ ఎన్నిసార్లు వాడానో రంగురంగుల పట్టీలుగా పెట్టింది. వంటలకే మూడు రంగులొచ్చాయి. 'వంట' ఒకటి, 'వంటలు' ఒకటి, లేఖిని సరిగా రాని రోజుల్లో ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన వంటలు ఇంకొకటి. ఒకే మనిషికి మూడు రేషన్ కార్డులు ఉన్నట్లు. వాటిని కలపడానికే ఒక మధ్యాహ్నం పట్టింది. పిల్ల చదువుతుంది, నేను "కలుపు", "వద్దు" అని చెప్తాను. 'ముగ్గు', 'ముగ్గులు' కలుపు. 'జ్వరం', 'చంటిపిల్లలు' వద్దు, జ్వరం పెద్దవాళ్ళకు కూడా వస్తుంది. 'ఎంసెట్', 'ఈఏపీసెట్' కలుపు, పరీక్ష అదే, 2021లో పేరు మార్చారంతే. 'అనంతపురం', 'పుట్టపర్తి' దగ్గర ఇద్దరికీ వాదన జరిగింది. 2022 ఏప్రిల్ 4న మన మండలం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది కదా, అప్పటి నుంచి సర్టిఫికెట్లు, అర్జీలు, కలెక్టరాఫీసు పనులకు నేను 'పుట్టపర్తి' అని చీటీ కట్టడం మొదలుపెట్టాను. పని ఒకటే, కలపాలంటుంది తను. వద్దన్నాను. యాభై యేళ్ళు అనంతపురం బస్సెక్కిన మా మామ మొదటిసారి పుట్టపర్తి బస్సెక్కడానికి ఎంత గింజుకున్నాడో నాకు తెలుసు. ఆ రంగు ఆగిపోయి ఈ రంగు మొదలవడం కనపడాలి. చివరికి నా మాటే నెగ్గింది. 96 చీటీలు మిగిలాయి.

రెండో చిక్కు ఇంకోటి. మొదట్లో నేను దాచుకున్నవి తక్కువ, ఫోను వచ్చాక కంప్యూటర్ ముందు కూర్చునేది ఇంకా తగ్గింది, కరోనా అప్పుడు మాత్రం విపరీతంగా పెరిగింది. అంకెలే చూస్తే 2020 ఒక కొండలాగా లేచి మిగతా యేళ్ళన్నీ పుట్టల్లాగా ఉన్నాయి. అందుకని ఆ యేడు దాచిన మొత్తంలో ఒక్కో చీటీ నూటికి ఎంత అని లెక్కేసింది. అప్పుడు బొమ్మ సదునుగా వచ్చింది. ఏరు పారినట్లు, ఒక రంగు సన్నబడుతుంటే ఇంకో రంగు లావవుతూ. ఇట్లాంటి ఏటి బొమ్మలు గీసేవాళ్ళు ఎప్పటినుంచో ఉన్నారంట.

సాయంత్రం మా తమ్ముడికి ఫోను చేసి చెప్తే వాడు మురిసిపోయాడు. ఈ ట్యాగుల అలవాటు డెలిషియస్ అనే సైటుతో పాకిందంట. జాషువా షాక్టర్ అనే ఆయన 2003లో పెట్టాడు, 2005లో యాహూ కొనేసింది. 2010 ఆఖర్లో మూసేస్తారని వార్త వస్తే, యేళ్ళ తరబడి దాచుకున్న జనమంతా తమ లింకులు ఎత్తుకుని పరుగులు తీశారంట. అది చేతులు మారి మారి 2017లో పిన్‌బోర్డ్ అనే ఇంకో చిన్న సైటు చేతికొచ్చింది. "నేను కూడా అట్లా పరిగెత్తినోణ్ణే అక్కా, అందుకే నీవి ఇంట్లోనే పెట్టినాను" అన్నాడు. వాడి ముందుచూపుకు దండం పెట్టాలి.

మా పిల్ల ఇంకో సంగతి చదివి చెప్పింది. 2006లో యాహూలో పరిశోధన చేసేవాళ్ళు ఫ్లికర్‌లో జనం ఫోటోలకు పెట్టిన ట్యాగులు రోజురోజుకూ ఎట్లా మారుతున్నాయో కదిలే బొమ్మగా చూపించారంట. అందులో వాళ్ళు పట్టుకున్న కిటుకు నాకు బాగా నచ్చింది. ఎక్కువసార్లు వాడిన పేరును చూపిస్తే ఏమీ తెలీదు, ఎందుకంటే అది ఎప్పుడూ ఎక్కువే. నా వంటలు ఉన్నాయి కదా, పదహారేళ్ళూ అదే ముందు. అట్లా కాకుండా మిగతా రోజుల్లో అంతగా లేకుండా ఆ రోజుల్లోనే పైకి వచ్చిన పేరు ఏదో చూడాలి. అట్లా చూస్తే ఆ కాలం మొహం కనిపిస్తుంది.

తను అట్లా లెక్కేసి ఒక్కో యేడుకు ఒక్కో పేరు చెప్తుంటే నేను పొయ్యి కట్టేసి వచ్చి కూర్చున్నాను. 2011 'చంటిపిల్లలు', మా చిన్నోడు అప్పుడే నడక నేర్చాడు. 2013 'సమ్మె'. సమైక్యాంధ్ర అని ఆగస్టు నుంచి అక్టోబరు దాకా బడులూ లేవు, ఆర్టీసీ బస్సులూ లేవు, రేపు బడి ఉందా లేదా అని రోజూ వెతికేదాన్ని. 2016 'నోట్లు'. 2017 'షుగర్', మా అత్త కాలి పుండు యేడు. 2020 'ఆన్‌లైన్ క్లాసు'. 2021 'వాన', నవంబరులో కదిరిలో ఇళ్ళు కూలిన వానలు అవి. 2022 'పుట్టపర్తి'. 2023 'టమోటా'. ఆ యేడు జూలైలో మదనపల్లె మార్కెట్లో కిలో రెండొందల దగ్గరికి పోయింది, మా చేన్లో మాత్రం అప్పుడు టమోటా లేదు. ఎప్పుడూ అంతే.

డైరీ రాసే అలవాటు నాకు లేదు. పెళ్ళైన కొత్తలో మొదలుపెట్టి పది రోజులకు మానేశాను. ఇట్లా డైరీ రాసుకున్నానని నాకే తెలీదు.

అక్కడితో ఆపి ఉంటే బాగుండేదేమో. కానీ ఆ పిల్లకు ఊరుకోవడం రాదు. మర్నాడు ఇంకో రకం బొమ్మ గీసింది. నిలువుగా సంవత్సరాలు, అడ్డంగా పన్నెండు నెలలు, క్యాలెండరు లాగా గళ్ళు. ఒక్కో చీటీకి ఒక్కో పట్టిక. ఆ నెలలో ఆ చీటీ వాడి ఉంటే గడి నిండుతుంది, లేకపోతే ఖాళీ. పండగల చీటీలు ఎట్లా వస్తాయో చూద్దామని గీసిందంట. వచ్చాయి కూడా. ఓళిగల లింకులు ఉగాదికి, పిండివంటలు దీపావళికి. సంవత్సరం లెక్కలో అవి కనపడవు, నెలగా విడగొడితే బయటపడతాయి.

"మా, ఇది ఏంది?" అంది.

'విత్తనాలు' చీటీ పట్టిక తెరిచింది. జూన్ గళ్ళు నిలువుగా నిండి ఉన్నాయి. అది తెలిసిందే. మాకు మూడెకరాలు మెట్ట. జూన్ వస్తే సబ్సిడీ శెనక్కాయల కోసం, కె-6 ఎప్పుడిస్తారు, బస్తా ఎంత అని చూడటమే పని. "అదీ కాదు, ఈ రెండోది" అని పక్కన ఇంకో పట్టిక పెట్టింది. అందులో కూడా జూన్, జూలై గళ్ళే. 2009, 2010, 2011... వరసగా 2018 దాకా. పదేళ్ళు. ఏ యేడూ తప్పలేదు. ఆ తర్వాత అంతా ఖాళీ.

దాని మీద 'ఎం.ఏ.' అని ఉంది.

పదేళ్ళలో అన్నీ కలిపి 23 లింకులే. అందుకే ముందు గీసిన ఏటి బొమ్మలో అది కనపడలేదు. ముప్ఫైకి తక్కువున్న చీటీలన్నిటినీ 'ఇతరాలు' అని ఒక బూడిద రంగు కింద కలిపేసింది తను. నేనే కలపమన్నాను.

"దూరవిద్య ఎం.ఏ. తెలుగు అని ఉంది మా. నువ్వు చదవాలనుకున్నావా? 2018లో ఎందుకు నిలిపేసినావు?"

నేను ఏదో చెప్పి లేద్దామనుకున్నాను. కానీ మా ఆయన అక్కడే ఉన్నాడు. మధ్యాహ్నం అన్నానికి వచ్చి, సంగటి ముద్ద ముందు పెట్టుకుని, పిల్ల ఏదో చూపిస్తోందని చెయ్యి ఆపి వింటున్నాడు.

జూన్ నెల మా ఇంట్లో ఎట్లా ఉంటుందో మా ఊరి వాళ్ళకు చెప్పనక్కర్లేదు. విత్తనానికి డబ్బు, సేద్యానికి డబ్బు, పిల్లల ఫీజులు, పుస్తకాలు, బూట్లు, అన్నీ ఆ నెలలోనే. ఆ వరసలో చిట్టచివర నా ఎం.ఏ. ఫీజు. నోటిఫికేషన్ కూడా సరిగ్గా అప్పుడే పడేది. ప్రతి యేడూ చూసేదాన్ని, పేజీ దాచుకునేదాన్ని, వచ్చే యేడు అనుకునేదాన్ని. ఎవరూ వద్దనలేదు, అది నిజం. నేను ఎవరినీ అడగలేదు కూడా.

2018లో మాత్రం అడగకుండానే సిద్ధమయ్యాను. పాలు పోసిన డబ్బులు నెలనెలా కొంచెం పక్కన పెట్టి, కందిపప్పు డబ్బా అడుగున ప్లాస్టిక్ కవర్లో 6,500 చేర్చాను. ఫారం కదిరిలో నెట్ సెంటర్లో తీయించాను. అపరాధ రుసుముతో ఆగస్టు దాకా గడువుంది. ఆ యేడు వాన రాలేదు. విత్తిన శెనక్కాయ మొలకెత్తి, పూతకు రాకముందే ఎండింది. ఉన్న బోరు దగ్గుతూ నీళ్ళు పోస్తుంటే కొత్తది వేద్దామన్నారు. మా మామ కాలంలో 180 అడుగులకు నీళ్ళు పడిన చేను అది. ఆ రోజు 650 అడుగులు పోయినా దుమ్మే. బోరు లారీ వాళ్ళు రాత్రి తొమ్మిదికి లెక్క తేల్చమన్నారు. మా ఆయన చేతిలో ఆరు వేల పైచిలుకు తక్కువైంది. ఆ టైములో ఎవర్ని అడుగుతాడు? నేను లోపలికి పోయి కందిపప్పు డబ్బా తెచ్చాను.

ఇది నేను ఇంత వివరంగా వాళ్ళకు చెప్పలేదు. "ఆ యేడు బోరు ఫెయిలైంది కదా, అందుకని" అన్నాను, అంతే.

మా ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ పొద్దు నువ్విచ్చింది చీటీ డబ్బు కాదా?" అన్నాడు.

"చీటీ డబ్బే అని నువ్వే అనుకున్నావు. నేను కాదనలేదు."

ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు. సంగటి సగం అట్లాగే ఉంది. బయటికి పోయాడు, షాపుకే అనుకున్నాను. పావుగంటకు వెనక్కొచ్చాడు, చంకలో షాపు లెక్క పుస్తకాలు. ప్రతి ఉగాదికీ ఎర్ర అట్ట పుస్తకం ఒకటి కొత్తది మొదలుపెడతాడు, చీటీ మీద రాసిందే అందులోనూ ఎక్కిస్తాడు. రైతు పేరు, ఊరు, హెచ్‌పీ, ఎన్ని అడుగుల్లో దించిన మోటారు. అవన్నీ పిల్ల ముందు పెట్టి, "వీటికి కూడా గీస్తావా?" అన్నాడు.

పిల్ల నా వైపు చూసింది. నేను వంటింట్లోకి పోయాను. కోపమొస్తే మాట్లాడతాడు, బాధొస్తే ఇట్లా ఏదో పని ముందేసుకుంటాడు. ఇరవై మూడేళ్ళుగా చూస్తున్నా.

తండ్రీ కూతుళ్ళు రెండు రాత్రులు కూర్చున్నారు. ఆయన చదువుతాడు, తను కొడుతుంది. అన్ని పుస్తకాలూ కాదు, యేడుకు రెండు నెలలు తీసుకున్నారు. బొమ్మ వచ్చాక నన్ను పిలిచారు. 2005 పుస్తకంలో సగానికి పైగా 3, 5 హెచ్‌పీ మోటార్లు. పోను పోను 5 సన్నబడి ఏడున్నర, పది లావయ్యాయి. 2017, 2018 వచ్చేసరికి పన్నెండున్నర కూడా ఉంది, 3 హెచ్‌పీ అనేది మచ్చుకైనా లేదు. నీళ్ళు కిందికి పోయే కొద్దీ మోటారు పెద్దదవుతుంది, పెద్ద మోటారు ఇంకా కింది నీళ్ళు లాగేస్తుంది. ఈ మాట ఆయన ఎప్పుడూ చెప్పేదే, మేము వినేది లేదు. రంగులో చూస్తే మాట రాలేదు. 2021 వానల తర్వాత రెండేళ్ళు రిపేర్లు తగ్గాయి, షాపు దివాలా అని మేము దిగులుపడిన రెండేళ్ళూ ఊరికి మంచి రోజులన్నమాట. ఊరు బాగుంటే మా షాపు బాగుండదు, దీనికి ఏమనాలో నాకెప్పుడూ తెలీదు.

ఆయన 2018 దగ్గర వేలు పెట్టి, "ఇదో, మన బోరు ఇక్కడ" అన్నాడు. పిల్ల కూడా తెలివైనదే. నా గళ్ళ పట్టిక తెచ్చి పక్కన పెట్టింది. నా ఆఖరి గడి, ఆయన లావాటి రంగు, ఒకే వరసలో. ఎవరమూ ఏమీ అనలేదు. చిన్నోడు మాత్రం "నా చీటీ ఏది?" అని గొడవ. వాడి పేరుతో ఏమీ లేదు, 'జ్వరం' అంతా వాడిదే అని చెప్తే అలిగాడు.

ప్రాజెక్టుకు ఏది పెట్టాలని తను అడిగింది. ఏటి బొమ్మ పెట్టుకో, అందంగా ఉంది అన్నాను. ఎం.ఏ. పట్టిక పెట్టనా అని అడిగింది. ఒద్దనబోయి, పెట్టుకో అన్నాను. పేరు మాత్రం రాయొద్దన్నాను. "అమ్మ అని రాస్తా" అంది.

ఒక పని మాత్రం మిగిలింది. ఆ 23 లింకులు తెరిచి చూద్దామంది. పద్నాలుగు తెరుచుకోలేదు. పాత నోటిఫికేషన్లు ఎవరు ఉంచుతారు! తెరుచుకున్నవాటిలో ఒకటి మొదటి సంవత్సరం సిలబస్. ప్రాచీన సాహిత్యం, వ్యాకరణం, భాషాశాస్త్రం, జానపదం. చదువుతుంటే పచ్చి వేరుశనక్కాయలు ఉడుకుతున్న వాసన వచ్చినట్లు నోట్లో నీళ్ళూరాయి. బాలవ్యాకరణం కూడా ఉంది. డిగ్రీలో అది చెప్పిన మేడం నన్ను ఎం.ఏ. చెయ్యమని ఎన్నిసార్లు చెప్పిందో.

ఆదివారం పిల్లను బస్సెక్కించి వచ్చాం. బండి మీద వస్తుంటే మా ఆయన వెనక్కి తిరక్కుండానే, "ఇప్పుడెంతుంటాది ఆ ఫీజు?" అన్నాడు.

"తెలీదు. చూడలేదు ఏడేళ్ళుగా."

"చూసి చెప్పు."

"జూన్‌లో విత్తనం..."

"విత్తనం సంగతి నేను చూసుకుంటా. నువ్వు అది చూసి చెప్పు."

ఇంటికొచ్చి బట్టలు మడతపెట్టి, పొయ్యి మీద పాలు పెట్టి, కంప్యూటర్ ముందు కూర్చునేసరికి రాత్రి పది. నోటిఫికేషన్ ఇంకా పడలేదు. పోయిన సంవత్సరం ఫీజు ఎంతో మాత్రం ఉంది, నేననుకున్నంత కాదు, అంతకంటే ఎక్కువే. వయసుకు అడ్డం లేదు, అది రెండుసార్లు చదివాను. పేజీ దాచుకుందామని నక్షత్రం నొక్కాను. చీటీ రాసే గడి తెరుచుకుంది. 'ఎం' అని కొట్టానో లేదో, మిగతాది కింద అదే చూపించింది.